మనవడి ఫోన్‌లో సేద్యం, మన ముత్తాతల సేద్యం



ఈసారి వ్యాసం ఒక ఫోన్ గేమ్‌తో మొదలవుతుంది. చరిత్ర రాసే ముసలాయనకు గేమ్‌లతో ఏం పని అని నవ్వకండి. చివరిదాకా చదివితే సింగానల్లూరుకే వచ్చి చేరతాం.

దీపావళి సెలవులకు మా అమ్మాయి కొడుకు బెంగళూరు నుంచి వచ్చాడు. పన్నెండేళ్ళవాడు. రెండు రోజులు ఫోన్‌లో తల దూర్చి, మూడో రోజు మొహం వేలాడేసుకుని నా దగ్గరికొచ్చాడు. "తాతా, మనది రైతు కుటుంబం అంటావు కదా. నా పంటంతా చచ్చిపోయింది. ఎందుకో చెప్పు."

వాడు ఆడేది స్టార్‌డ్యూ వ్యాలీ అనే గేమ్. ఎరిక్ బరోన్ అనే అమెరికా కుర్రాడు ఒక్కడే ఏళ్ళ తరబడి కూర్చుని చేసి 2016లో విడుదల చేశాడట. అంతకు ఇరవై ఏళ్ళ ముందు, 1996లో, జపాన్‌లో వచ్చిన హార్వెస్ట్ మూన్ అనే గేమ్ దీనికి మూలం. కథ చిన్నదే. పట్నంలో ఉద్యోగం చేసే మనవడికి చనిపోయిన తాత ఒక ఉత్తరం, బీడుపడిన పొలం వదిలి వెళ్తాడు. మనవడు అక్కడ దిగేసరికి చేతిలో 500 నాణేలు, పదిహేను విత్తనాలు, ఒక పార, ఒక గొడ్డలి, ఒక నీళ్ళ డబ్బా. పొలం నిండా రాళ్ళు, మొద్దులు, కలుపు. ఏడాదికి నాలుగు రుతువులు, ఒక్కో రుతువుకు 28 రోజులు. రుతువు మారిందంటే ఆ కాలపు పంట ఎండిపోతుంది. మనిషికి రోజుకు ఇంత అని ఓపిక ఉంటుంది, అది అయిపోతే పనికి చేతులు రావు.

మావాడు చేసిన తప్పులు నాకు అరగంటలో అర్థమయ్యాయి. మొదటిరోజే కనబడిన నేలంతా తవ్వేశాడు. ఉన్న డబ్బంతా విత్తనాలకు పెట్టేశాడు. రోజూ వాటికి నీళ్ళు పోయడానికే ఓపిక చాలక సగం మొక్కలు ఎండబెట్టాడు. ఆఖరికి పన్నెండు రోజులకు కోతకొచ్చే కాలీఫ్లవర్‌ను ఇరవయ్యో రోజున నాటాడు. రుతువు 28కే ముగిసింది, ఇంకేముంది!

చెప్పడం మొదలుపెట్టాక నాకే సిగ్గేసింది. నేను రైతును కాను. ముప్పై నాలుగేళ్ళు మిల్లులో షిఫ్టులు చేసినవాణ్ణి. రైతు మా నాయన. నేను వాడికి చెప్పినదంతా ఆయన నోట, ఆయన నాయన నోట విన్నదే. అది మనవాళ్ళు ఈ కొంగునాట మొదటి ఏళ్ళు ఎలా గట్టెక్కారన్న చరిత్రే. అందుకే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మొదటిది: నేలను చూసి దిగు.

విజయనగర కాలంలో, తరువాత మధురై నాయకుల కాలంలో తెలుగు కుటుంబాలు గుంపులు గుంపులుగా దక్షిణానికి వచ్చాయి. విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతంలో మధురైలో కుదురుకోవడం, దేశాన్ని 72 పాళెయాలుగా విభజించడం మనందరికీ తెలిసిన కథ. మన సభల్లో ఆ కథను కత్తులు, గుర్రాలతోనే చెప్పుకుంటాం. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది చేతిలో ఉన్నది కత్తి కాదు, నాగలి.

వాళ్ళు వచ్చేసరికి మంచి నేలలు ఖాళీగా లేవు. కావేరి కింద, తామ్రపర్ణి కింద, నొయ్యల్ కాలవల కింద వరి మళ్ళన్నీ ఎప్పటినుంచో ఇతరుల సాగులో ఉన్నాయి. మిగిలింది మెట్ట. అందులోనూ నల్లరేగడిని చాలామంది వదిలేశారు. వానకు బంకమట్టై కాలు కూరుకుపోతుంది, ఎండకు నెరవిచ్చి నాగలి విరగ్గొడుతుంది. రెంటికీ మధ్య దున్నడానికి అదునైన రోజులు కొన్నే. ఆ అదును తెలియనివాడికి అది శాపం. మనవాళ్ళకు మాత్రం అది పుట్టింటి మట్టి. కృష్ణా, గుంటూరు, కర్నూలు వైపు రేగడి దున్నిన చేతులకు ఆ రంగు, ఆ వాసన పరిచయమే. అందుకే కోవిల్‌పట్టి, సాత్తూరు కరిసల్ నేలల్లోనూ, ఇటు సూలూరు, పీళమేడు, సింగానల్లూరు చుట్టుపక్కల నల్లనేలల్లోనూ మన ఊళ్ళు అంత దట్టంగా కనబడతాయి.

ఇంట్లో తెలుగు మాట్లాడి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ గారి 'గోపల్ల గ్రామం' నవల ఇదే కథ. దేశం విడిచి వచ్చిన తెలుగు కుటుంబాలు ముళ్ళ అడవిని తగలబెట్టి, చదును చేసి, ఊరు కట్టుకోవడం అందులో ఉంది. దాని తరువాతి భాగానికి 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. చదవనివాళ్ళు తప్పక చదవండి.

రెండోది: ముందు కడుపుకు, తరువాత సంతకు.

పత్తి అమ్మి మనం బాగుపడ్డామని గొప్పగా చెప్పుకుంటాం. కానీ పత్తి మొదటి పంట కాదు. మొదటి పంట సజ్జ, జొన్న, రాగి, ఉలవ. ఉలవ ఎద్దుకు, జొన్న చొప్ప ఆవుకు, గింజ మనిషికి. మా నాయన మాట ఒకటి గుర్తుంది: "గాదెలో జొన్న ఉన్నవాడే పత్తికి బేరం ఆడగలడు." తిండికి లేనివాడు వ్యాపారి చెప్పిన ధరకే తలూపాలి.

కోయంబత్తూరుకు కొండల అడ్డం ఉంది. పడమటి కనుమల అవతల కుండపోత, ఇవతల మనకు ఏడాదికి 600, 700 మిల్లీమీటర్లే. నైరుతి రుతుపవనంలో పాలక్కాడు సందులోంచి మనకు వచ్చేది ఎక్కువగా గాలి. అసలు వాన ఐప్పసి, కార్తీకాల్లో. దాన్ని నమ్ముకుని రేగడిలో ఒకే పంట వేయడం జూదం. అందుకే పత్తి సాళ్ళ మధ్య కొత్తిమీర, కొర్ర, కందిలాంటివి కలిపి వేసేవాళ్ళు. ఒకటి పోతే ఒకటి నిలుస్తుంది. ఆ రోజుల పత్తి కూడా నాటు రకాలే: ఉప్పం, కరుంగన్ని, నాడం. పింజ పొట్టి, దిగుబడి తక్కువ, కానీ ఎండకు ఓర్చుకుంటాయి. కొత్తవాడికి కావలసింది గొప్ప పంట కాదు, చావని పంట.

మా మనవడికి చెప్పాను: నాలుగు రోజులకు వచ్చే ముల్లంగిలాంటి దుంప పంట వేయి, అమ్ము, ఆ డబ్బులో సగమే మళ్ళీ విత్తనానికి పెట్టు. కాలీఫ్లవర్ తరువాత చూద్దువు.

మూడోది: ఎంత తడపగలవో అంతే దున్ను.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే మన చరిత్ర అంతా నీళ్ళలోనే ఉంది.

నొయ్యల్ వెళ్ళింగిరి కొండల్లో పుట్టి, కోయంబత్తూరు, తిరుప్పూరు దాటి కావేరిలో కలుస్తుంది. ఏడాదంతా పారే నది కాదు. అందుకే పాతకాలపు రాజులు, ఊరివాళ్ళు దానికి అడ్డంగా ఆనకట్టలు, పక్కన కాలవలు, కాలవల చివర చెరువులు గొలుసుగా కట్టారు. ఒకటి నిండితే మిగులు నీరు తరువాతిదానికి పోతుంది. మన సింగానల్లూరు చెరువు ఆ గొలుసులోదే, 280 ఎకరాలకు పైబడిన చెరువు. ఈ ఏర్పాటు మనవాళ్ళు రావడానికి ముందునుంచే ఉంది. అది మనం కట్టింది కాదు, ఆ సంగతి ఒప్పుకోవాలి.

చెరువు కింద మడి లేనివాడికి బావే దిక్కు. గట్టి రాతిలో తవ్విన బావి. తమిళంలో కవలై, తెలుగులో మోట లేదా కపిల. మా ఇంట్లో రెండు మాటలూ వినబడేవి. చూడనివాళ్ళ కోసం చెబుతాను. బావి గట్టున రెండు నిలువు కర్రలు, పైన ఒక గిలక, కింద ఒక ఉరుళ్ళ కర్ర. పెద్ద బాన, దాని అడుగున తోలు తొండం. బానకు మోకు, తొండానికి సన్నతాడు. ఎడ్లు ఏటవాలు దారిలో కిందికి నడిస్తే బాన పైకొస్తుంది. గట్టు దగ్గరికి రాగానే తొండం తెరుచుకుని నీళ్ళు తొట్టిలో పడతాయి, కాలవలో పారతాయి. తరువాత ఎడ్లు వెనక్కి అడుగులు వేస్తూ పైకెక్కాలి, బాన మళ్ళీ బావిలోకి దిగాలి. తెల్లవారుజామున కట్టి, ఎండెక్కేదాకా ఇదే. తోలేవాడు మోకు మీద కూర్చుని పాట ఎత్తుకునేవాడు. అంతచేసినా తడిసేది కొన్ని మళ్ళే.

అందుకే పాతకాలపు తోట చిన్నది. ఇన్ని ఎకరాలున్నా బావి తడిపినంతవరకే తోట, మిగతాది వానకు వదిలేసిన మెట్ట. మావాడు మొదటిరోజే పొలమంతా తవ్విన తప్పు మన పూర్వీకుల్లో ఎవరూ చేయలేదు. చేసినవాడు నిలవలేదు.

ఇప్పుడు మన సంఘం వ్యాసాల్లో ఎవరూ రాయని సంగతి ఒకటి రాస్తున్నాను. కోపం వస్తే నామీదే పడండి.

గేమ్‌లో నీళ్ళ డబ్బా మొదటిరోజే చేతిలో ఉంటుంది. దాన్ని ఎవరు చేశారని ఎవరూ అడగరు. మన మోటకు తోలు ఎవరు కోసి, ఊనబెట్టి, కుట్టారు? అరుంధతీయులు. కొంగునాట వాళ్ళలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. మనతోనో మన వెనకో అదే దారిలో వచ్చినవాళ్ళు. మోకు తోలినవాళ్ళు, కలుపు తీసినవాళ్ళు, పత్తి ఏరిన ఆడవాళ్ళు వాళ్ళలోనే ఎక్కువ. ఏడాదికింత గింజ అని కుదిరిన పాలేర్లు. తొండం చినిగితే మా తోటకు ఒక పెద్దాయన వచ్చి కుట్టేవాడు. ఆయన కుట్టిన తోలు మా బావిలో దిగేది, ఆయన చెయ్యి మాత్రం దిగకూడదు. దాహం వేస్తే మా అవ్వ పైనుంచి దోసిట్లో పోసేది. ఆయన మాట్లాడింది మా తెలుగే. తాత వయసువాణ్ణి ఏడేళ్ళ నేను "రా" అని పిలిచాను, ఎవరూ నన్ను కొట్టలేదు. ఆయన పేరు మా నాయనకు తెలుసు. నేను అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

ఒంటరిగా పొలం బాగుచేయడం గేమ్‌లోనే కుదురుతుంది. చరిత్రలో ఎవరూ ఒంటరిగా చేయలేదు.

నాలుగోది: విత్తనపు గింజ తినకు, అప్పుతో దున్నకు.

1876 నుంచి 78 దాకా వచ్చిన కరువు మన జిల్లాను తుడిచిపెట్టింది. ఎడ్లు చచ్చాయి. ఎడ్లు చస్తే మోట లేదు, మోట లేకపోతే తోట లేదు. తరువాతి ఏడు వాన కురిసినా దున్నడానికి చేతిలో ఏమీ లేదు, అప్పు తప్ప. ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి 1887లో కోయంబత్తూరు జిల్లా మాన్యువల్ కూర్చాడు. ఈ జిల్లా బావుల సేద్యం గురించి అందులో విస్తారంగా ఉంది. మన రైతు వడ్డీ బాధ ఎరిగిన ఆ మనిషే తరువాత మద్రాసు ప్రభుత్వం కోరగా యూరప్ పరపతి సంఘాలను అధ్యయనం చేసి, 1895 నుంచి 97 మధ్య పెద్ద నివేదిక ఇచ్చాడు. దాని సారం ఒక్కటే: జర్మనీలో రైఫైజెన్ పెట్టినట్టు ఊరి రైతులే కలిసి, ఒకరికొకరు పూచీగా ఉండి అప్పిచ్చుకునే సంఘాలు కావాలి. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. దేశమంతటి సహకార బ్యాంకుల వెనక మన జిల్లాను ఎరిగిన మనిషి రాత ఉందన్నమాట.

అయిదోది: కూడబెట్టింది పనిముట్టుకు పెట్టు.

గేమ్‌లో కొంత అనుభవం వచ్చాక స్ప్రింక్లర్ చేసుకోవచ్చు. అది రోజూ తనంతట తానే తడుపుతుంది. నీళ్ళు పోసే ఓపిక మిగిలి మనిషి వేరే పని చూసుకుంటాడు. ఆట మలుపు తిరిగేది అక్కడే. మన చరిత్ర మలుపు కూడా అదే.

1888లో స్టేన్స్ దొర కోయంబత్తూరులో నూలు మిల్లు పెట్టాడు. 1900ల మొదటి దశకంలో కంబోడియా పత్తి వచ్చింది. పింజ పొడుగు, ధర ఎక్కువ, కానీ నీళ్ళు కావాలి. బావి ఉన్న తోట రైతుకు అది వరమైంది. అదే కాలంలో వ్యవసాయ కళాశాల మద్రాసు సైదాపేట నుంచి ఇక్కడికి మారింది. 1912లో చెరకు పరిశోధన కేంద్రం వచ్చింది. విత్తనం, చదువు, గిరాకీ ఒకే ఊళ్ళో కలిశాయి.

పత్తి డబ్బు చేతికొచ్చిన మనవాళ్ళలో కొందరు మరిన్ని ఎకరాలు కొనలేదు. జిన్నింగ్ పెట్టారు, మిల్లులు పెట్టారు. జి. కుప్పుస్వామి నాయుడు గారి లక్ష్మీ మిల్స్ 1910లో మొదలైంది. పీళమేడు పి.ఎస్. గోవిందస్వామి నాయుడు గారి కుమారులు ఆస్తిలో ఒక వాటా ధర్మానికి కేటాయించి 1926లో పి.ఎస్.జి. అండ్ సన్స్ చారిటీస్ నెలకొల్పారు. 1932-33లో పైకారా జలవిద్యుత్తు వచ్చేసరికి మిల్లులు వరసగా లేచాయి. 1937లో జి.డి. నాయుడు గారు, డి. బాలసుందరం నాయుడు గారు కలిసి మోటారు తయారుచేశారు. మన దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారుగా దాన్ని చెప్పుకుంటారు. ఆ తరువాత కోయంబత్తూరు పంపు దేశమంతా వెళ్ళింది. కళంగల్ రైతు బిడ్డకు మోటారు మీద అంత పట్టుదల ఎందుకు అని అడిగితే నాకు తోచే జవాబు, ఏ తోటలోనైనా తెల్లవారుజామున వెనక్కి నడిచే ఆ ఎడ్లే.

ఇక్కడిదాకా చెబితే మనవడు సంతోషించాడు. "అయితే మనం గెలిచాం కదా తాతా" అన్నాడు.

అక్కడే నా నోరు పడిపోయింది.

గేమ్‌లో చెరువు ఎప్పుడూ ఎండదు. స్ప్రింక్లర్ ఎన్ని పెట్టినా నీళ్ళు వస్తూనే ఉంటాయి. మనకు అలా లేదు. మోట ఉన్నన్నాళ్ళు ఎద్దు ఓపికే హద్దు. బావి రాత్రికి ఊరి మళ్ళీ నిండేది. పంపు ఆ హద్దును తీసేసింది. బావి అడుగంటితే లోతు చేశాం, లోతుకు అందకపోతే బోరు వేశాం. ఇప్పుడు వెయ్యి అడుగులు దించినా దుమ్ము వచ్చే చోట్లున్నాయి.

కరెంటు పేరుతో మన రైతులు రక్తం కూడా చిందించారు. 1970లో చార్జీల పెంపు మీద పోరాటం లేచింది, కాల్పుల్లో రైతులు పోయారు. 1972లో వైయంపాళయం నారాయణస్వామి నాయుడు గారి పిలుపుతో ఎడ్లబండ్లు కోయంబత్తూరు వీధులను నింపేశాయి. మా నాయన కూడా బండి కట్టాడు. ఆ పోరాటాల ఫలమే తరువాత వచ్చిన ఉచిత కరెంటు. ఆ పోరాటం న్యాయమైనదేనని ఇవాళ్టికీ అంటాను. కానీ పైసలు లెక్కపెట్టిన మనం బావిలో నీళ్ళు లెక్కపెట్టలేదు.

1981లో కోయంబత్తూరు కార్పొరేషన్ అయినప్పుడు సింగానల్లూరు మునిసిపాలిటీ అందులో కలిసింది. తోటలు ప్లాట్లయ్యాయి. చెరువుకు కొత్తనీటికంటే మురుగునీరు ఎక్కువ వచ్చింది. మధ్యలో కొన్ని మంచి చేతులు పడ్డాయి. 2017లో చెరువును పట్టణ జీవవైవిధ్య పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఇప్పటికీ పొద్దున్నే వెళ్తే గూడబాతులు, కొంగలు కనబడతాయి. అయినా గుర్రపుడెక్క చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

మా సంగతి చెప్పి ముగిస్తాను. మాకు నాలుగెకరాలు, ఒక బావి. నాయన పోయిన ఏడాదికి, 1994లో, అన్నదమ్ములం కలిసి అమ్మేశాం. కొన్నవాళ్ళకు చదునైన నేల కావాలన్నారు. బావి పూడ్చే ఖర్చు మన వాటాలోంచే అన్నారు. సరే అని మొదట సంతకం పెట్టింది నేను. పాత ఇళ్ళ ఇటుకలు, రాళ్ళు పోసి పూడ్చారు. ఎన్ని లారీలు పట్టాయో గుర్తుంది, పద్దెనిమిది. ఎన్ని తరాలు పట్టింది తవ్వడానికో నాకు తెలియదు.

ఆ గేమ్‌లో ఒక ఏర్పాటు ఉంది. మూడో ఏడు మొదట్లో చనిపోయిన తాత వచ్చి మనవడి పొలం చూస్తాడు. ఎంత బాగా చేశాడో దాన్ని బట్టి ఒకటి నుంచి నాలుగు దాకా దీపాలు వెలుగుతాయి. మనవడు అది చెప్పినప్పుడు నేను లేచి వాకిట్లోకి వెళ్ళిపోయాను. మా తాత వస్తే నాకు ఎన్ని వెలుగుతాయి?

పొలం తిరిగి కొనలేను. పూడిన బావి తవ్వలేను. చేయగలిగింది ఒకటుంది. మోట, తొండం, మోకు, గిలక, అదును, నెర, చొప్ప, గాదె: ఈ మాటలు తెలుగులో తెలిసినవాళ్ళు మన సంఘంలో ఇంకా నలభై, యాభైమంది ఉంటారు. అందరికీ డెబ్బై దాటింది. వచ్చే సమావేశంలో ఒక నోటుపుస్తకం పెడతాను. మీ ఇంటి బావి ఎక్కడ ఉండేది, ఏ పంట వేసేవాళ్ళు, మోట ఎవరు తోలారు, తోలు ఎవరు కుట్టారు, పేర్లతో సహా రాయించండి. తెలుగు రాయడం రానివాళ్ళు చెప్పండి, నేను రాస్తాను. నేనూ తెలుగక్షరాలు రిటైరయ్యాకే నేర్చుకున్నాను. పక్క వీధి అరుంధతీయ కుటుంబాల పెద్దలను కూడా పిలుద్దామని నా కోరిక. ఆ తెలుగు వాళ్ళదీ, ఆ చరిత్ర వాళ్ళదీ. కమిటీ పెద్దలు ఆలోచించాలి.

మనవడు ఊరికి వెళ్ళేముందు ఆట మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. ఈసారి పదిహేను విత్తనాలే నాటాడు, చెరువు పక్కనే. రైలెక్కేటప్పుడు అడిగాడు: "తాతా, మన బావి ఉన్నచోట ఇప్పుడేముంది?"

కార్ పార్కింగ్ ఉంది. వచ్చే సెలవులకు తీసుకెళ్ళి చూపిస్తానన్నాను.